శిఖిముఖి మావోడే

(మన బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు మన సంఘం మిత్రులు, "ఇంజనీరుగా నీ అనుభవాలు నాలుగు చెప్పు, ఇప్పటి పిల్లలకు పనికొస్తయి" అన్నారు. ముప్పై ఏళ్లు కాంక్రీటుతో, కాలువలతో, ఎం బుక్కులతో గడిపిన మనిషి అనుభవాలు మధ్యాహ్న భోజనానికి ముందు వినడం మీకూ కష్టం, చెప్పడం నాకూ కష్టం. అందుకని వాళ్ల అనుమతితో వేరే విషయం ఎత్తుకుంటున్నాను. చిన్నప్పుడు మనమంతా ప్రాణం పెట్టి చదివిన చందమామ సీరియళ్ల గురించి మాట్లాడతాను. ఈ మధ్య వాటిని మళ్లీ చదివాను. చదివాక నాకు కొంత సంతోషం కలిగింది, కొంత సిగ్గు కలిగింది. ఆ రెండూ మీతో పంచుకోవాలి.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది. మన తెలుగు సారు దగ్గర పాత చందమామలు బైండు చేయించిన పుస్తకం ఒకటి ఉండేది. అట్ట పోయి, అంచులు నలిగి, దబ్బనంతో కుట్టిన పుస్తకం. శనివారం ఆఖరి పీరియడులో దాన్ని బయటికి తీసేవారు. ఒకరు చదవాలి, మిగతావాళ్లం వినాలి. అందులోనే మేము 'శిథిలాలయం' చదివాం. అది చందమామలో 1960ల చివర్లో మొదలైన సీరియలు. అంటే మేము పుట్టకముందు కథను, మేము ఏడో తరగతిలో ఉండగా, నిన్ననే జరిగినట్టు విన్నాం. మధ్యలో ఒక సంచిక లేదు. ఆ నెలలో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అందుకని ఆ అధ్యాయం మా క్లాసులో తలా ఒక రకంగా అల్లుకున్నాం. ఇంటర్వెల్లులో కొట్లాటలు కూడా అయ్యాయి. మొన్న పుస్తకంగా కొన్నప్పుడు మొదట ఆ తప్పిపోయిన భాగమే వెతుక్కుని చదివాను. నిజం చెప్పాలంటే, మేము అల్లిన దానిలోనే ఎక్కువ మంది రాక్షసులు ఉన్నారు.

ఆ కథలు రాసింది ఎవరో అప్పుడు మాకు తెలియదు. సీరియలు కింద రచయిత పేరు వేసేవాళ్లు కాదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారని. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1970ల చివరిదాకా 'కంచుకోట', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'యక్ష పర్వతం', 'మాయా సరోవరం' లాంటి పన్నెండు సీరియళ్లు రాశారు. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో పెట్టిన పత్రికలో, కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం చూసిన కాలంలో, ఈయన యాభై ఏళ్లకు పైగా పనిచేసి 2010లో వెళ్లిపోయారు. లక్షల ఇళ్లలో ఆయన కథలు తెలుసు. ఆయన పేరు తెలిసిన ఇళ్లు మాత్రం తక్కువ. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఇక మా ఆటల సంగతి. ఎనిమిదో తరగతిలో ఉండగా సార్లు మమ్మల్ని ఎలగందుల ఖిల్లాకు విహారయాత్ర తీసుకుపోయారు. పొద్దున్నే బస్సెక్కి రాయపట్నం దగ్గర గోదావరి దాటి కరీంనగర్ జిల్లాలోకి దిగడమే మాకు సముద్రం దాటినంత. దిగువ మానేరు ఆనకట్ట పని అప్పటికి చివరికొచ్చింది. ఒకప్పుడు జిల్లాకే పేరిచ్చిన ఎలగందుల, మానేరు ఒడ్డున గుట్ట మీద కోట, లోపల 1754లో జఫరుద్దౌలా కట్టించిన మసీదు, ఊపితే ఊగుతాయని పేరుపడ్డ మినార్లు. వీటన్నిటికన్నా మా చెవిలో పడ్డది ఒకటే మాట. ఈ కోట నుంచి మానకొండూరు దాకా రహస్య సొరంగం ఉందట! ఇంకేం కావాలి? శిథిలాలయం మా కాళ్ల ముందే ఉంది. అన్నం డబ్బాలు పక్కన పెట్టి ప్రతి బురుజు సందులో చెయ్యి పెట్టి చూశాం. దొరికింది ఒక తేలు, రెండు గబ్బిలాలు, సారు చేతి దెబ్బలు.

ఇప్పుడు ఇంజనీరుగా లెక్క వేస్తే నవ్వొస్తుంది. ఎలగందుల కరీంనగర్‌కు ఒక పక్క, మానకొండూరు ఇంకో పక్క. మధ్యలో పదిహేను కిలోమీటర్లకు తక్కువ ఉండదు. మనిషి వంగి నడిచేటంత, రెండు చదరపు మీటర్ల సొరంగం అనుకున్నా ముప్పై వేల ఘనపు మీటర్ల రాయీ మట్టీ బయటికి రావాలి. ఇప్పటి టిప్పర్లలో మూడు వేల ట్రిప్పులు. పైగా మానేరు కిందుగా పోవాలి. ఊట నీళ్లు ఎట్లా తోడారు? లోపల గాలి ఎట్లా ఆడింది? తవ్విన మట్టి శత్రువు కంట పడకుండా ఎక్కడ పోశారు? ఈ ప్రశ్నలు అప్పుడు రాలేదు. రాకపోవడమే మంచిదయింది. నేను ఇంజనీరింగ్ చదవాలనుకోవడానికి మొదటి కారణం ఆ సొరంగమే. లేని సొరంగం కూడా మనిషిని ఎక్కడికో చేరుస్తుంది.

మళ్లీ ఎందుకు చదివానంటే మా అమ్మాయి వల్ల. తను ఇంగ్లీషు మీడియం పిల్ల. ఎనిడ్ బ్లైటన్ రాసిన 'ఫేమస్ ఫైవ్' పుస్తకాలు ఇరవై ఒకటీ చదివింది. అవి 1942లో మొదలయ్యాయి. నలుగురు పిల్లలు, ఒక కుక్క, సెలవుల్లో ఒక రహస్యం. కాలేజీకి వచ్చాక ఒకసారి మళ్లీ తిరగేసి, "నాన్నా, ఇందులో ఎప్పుడూ యాన్ ఒక్కతే గిన్నెలు ఎందుకు కడుగుతుంది?" అని అడిగింది. ఆ పుస్తకాలలో పాతబడిన మాటలు మార్చి 2010లో ఇంగ్లండులో కొత్తగా వేశారట. పాఠకులు పెద్దగా ఆదరించకపోతే 2016లో మళ్లీ పాత మాటలకే తిరిగి వెళ్లారట. తనే చెప్పింది. చెప్పి, "మరి మీ చందమామ కథలు ఇప్పుడు చదివితే ఎట్లుంటయి?" అని అడిగింది. జవాబు తెలియక పుస్తకాలు తెప్పించాను.

ముందు సంతోషం సంగతి చెబుతాను. కథలు నిలబడ్డాయి. యాభై దాటిన మనిషిని రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టాయి. ప్రతి అధ్యాయం చివర ఒక ప్రమాదం, తర్వాతి అధ్యాయం మొదట్లో దాన్నుంచి బయటపడే దారి. ఆ దారి ఎక్కువసార్లు బుర్రలోంచి వస్తుంది. 'తోకచుక్క'లో సమరసేనుడు మంత్రాలు తెలిసినవాడు కాదు, మామూలు సేనాని. ఒక పక్క ఏకాక్షి, ఇంకో పక్క చతుర్నేత్రుడు, ఇద్దరూ మాంత్రికులు, ఇద్దరికీ పడదు. ఆ ఇద్దరి మధ్య నలగకుండా అతను దారి వెతుక్కోవాలి. రెండు డిపార్టుమెంట్ల మధ్య ఫైలు నడిపిన నాబోటి వాడికి ఆ కష్టం చిన్నప్పటికన్నా ఇప్పుడే బాగా అర్థమయింది.

ఇంకో విషయం చిన్నప్పుడు గమనించలేదు. ఆ కథల్లో చాలాచోట్ల నాయకుడు ఒంటరి కాదు. కేశవుడికి జయమల్లుడు, ధూమకుడికి సోమకుడు, ఖడ్గవర్మకు జీవదత్తుడు, జయశీలుడికి సిద్ధసాధకుడు. సాహసం అంటే ఇద్దరు కలిసి నడవడం అని ఆయన లెక్క. ఒకడు ఆపదలో పడితే ఇంకొకడు వెనక్కి రావాలి. ఈ బడి నాకు ఇచ్చిన దోస్తులను చూస్తే ఆ లెక్క తప్పలేదనిపిస్తుంది.

తప్పులు పట్టకుండా ఉండలేదు, అది వృత్తి దోషం. నెలల తరబడి అడవిలో తిరుగుతారు, ఒక్కరికీ మలేరియా రాదు. మన ఆదిలాబాద్ అడవిలో వర్షాకాలం వారం రోజులు క్యాంపు వేసినవాడు ఎవడూ ఈ మాట నమ్మడు.

అసలు లోటు వేరే ఉంది. ఆడపిల్లలు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇక్కడ ఇంకా గట్టిగా తగులుతుంది. అక్కడ యాన్ గిన్నెలైనా కడుగుతుంది. ఇక్కడ రాజకుమారి పని ఎక్కువగా ఎత్తుకుపోబడటం. శనివారం పీరియడులో మాతోపాటు పదకొండు మంది ఆడపిల్లలు కూర్చుని అదే కథ విన్నారు. వాళ్లు ఎవరిలాగా ఉండాలని ఊహించుకున్నారో మేము ఎప్పుడూ అడగలేదు. ఇవాళ వాళ్లలో ఇద్దరు హెడ్మాస్టర్లు, ఒకరు సర్పంచిగా చేసి వచ్చారు. ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్నారు. మీ కథ మీరే రాసుకున్నారమ్మా!

రెండో లోటు అడవి మనుషులు. ఈ కథల్లో అడవి దాటితే చాలు, ఒక ఆటవికుల గుంపు ఎదురవుతుంది. తలకు ఈకలు, చేతిలో బల్లెం, మధ్యలో మంట, పక్కన బలిపీఠం. అప్పటి సినిమాల్లోనూ అంతే, లోకంలో చాలా దేశాల సాహస కథల్లోనూ అంతే. మద్రాసులో కూర్చుని చదివే పిల్లవాడికి అది దూరపు ఊహ. మనకు అట్లా కాదు. మనకు అడవి బస్సు దూరంలో ఉంది. ఆ అడవి మనిషి మన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

జన్నారం అవతలి గూడెం నుంచి వచ్చి గిరిజన హాస్టల్లో ఉండి చదివిన గోండు పిల్లవాడు మా క్లాసులో ఒకడు ఉండేవాడు. అతని పేరు ఇక్కడ చెప్పను, చెప్పమని అతను నాతో అనలేదు. మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. ఎలగందుల కోటలో ఆ రోజు ఆట మొదలుపెట్టి పాత్రలు పంచుకున్నప్పుడు, శిఖిముఖిని నేనే అన్నాను, ఎందుకంటే సొరంగం ఐడియా నాది. విక్రమకేసరి ఇంకొకడు. అతనికి మాత్రం ఎవరూ అడగకుండానే నరబలి ఇచ్చే ఆటవికుడి వేషం ఇచ్చాం. వేసుకున్నాడు, నవ్వాడు కూడా. ఆ రోజుతో ఆగితే ఆట. తర్వాత ఏడాదంతా అతన్ని 'రాకాసి' అనే పిలిచాం. అందరికన్నా ముందు పిలిచింది నేనే. తొమ్మిదో తరగతి మధ్యలో అతను బడికి రావడం మానేశాడు.

ఇప్పుడు 'శిథిలాలయం' మళ్లీ చదువుతుంటే మొదటి పేజీల్లోనే చెయ్యి ఆగిపోయింది. శిఖిముఖి ఎవరు? శబరుల బిడ్డ. గూడెం వాడు. ఆ కథలో నాయకుడే అడవి మనిషి. విక్రమకేసరి రాజవంశం వాడు, ఇద్దరూ సమానంగా భుజం కలిపి నడుస్తారు. రచయిత అంత స్పష్టంగా రాశాడు. నలభై మందిమి చెవులు రిక్కించి విన్నాం. ఒక్కరికీ ఎక్కలేదు. నాయకుడు కాబట్టి మనలాంటివాడే అయి ఉంటాడని అనుకున్నాం. అడవివాడు కాబట్టి ఆ పిల్లవాడు రాకాసే అయి ఉంటాడని అనుకున్నాం. పుస్తకంలో ఉన్న లోటు కొంతే. చదివినవాళ్లలో ఉన్నది ఎక్కువ.

రెండు రోజులు ఆలోచించి, ఉట్నూరు వైపు పనిచేసే ఒక సహోద్యోగి ద్వారా అతని ఫోన్ నంబరు సంపాదించాను. చేశాను. గొంతు గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. పాత సంగతులు అయ్యాక, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పుస్తకం మాట ఎత్తాను. శిఖిముఖి శబరుల పిల్లవాడని ఇప్పుడే గమనించానన్నాను. అతను ఫోన్లో పెద్దగా నవ్వాడు. "గది నేను అప్పుడే అన్న గదరా! శిఖిముఖి మావోడే అన్న. మీరే నవ్విన్రు" అన్నాడు.

నాకు గుర్తు లేదు. అతనికి ఉంది. ఒకరోజు తెలుగు సారు నానార్థాలు చెబుతూ, శిఖి అంటే నెమలి, అగ్ని అన్నారట. ఇతను లేచి, "సార్, శిఖిముఖి అంటే నెమలి మొకమోడా? అయితే మా గుస్సాడీయే" అన్నాడట. దీపావళికి దండారీ పండుగలో నెమలి ఈకల టోపీ పెట్టి ఆడే గుస్సాడీని మీరంతా చూసి ఉంటారు. ఆ నాట్యానికే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. సారు "బాగా చెప్పినవురా" అన్నారట. క్లాసు మాత్రం గొల్లుమని నవ్విందట. చందమామ బొమ్మల్లో ఈకల తలపాగాను చూసి మేము రాకాసిని చూశాం. అతను తన ఇంటి పండుగను చూశాడు. ఆ క్లాసులో కథ సరిగా చదివినవాడు అతనొక్కడే.

క్షమించమని అడిగాను. "బడి మానేసింది మీ మాటలకు కాదు, మా నాయిన కాలు ఇరిగింది, ఎడ్లను చూసేటోడు లేకుండె" అన్నాడు. కాసేపాగి, "కానీ మల్ల రాబుద్ధి కాలే, గది మాత్రం మీ వల్లనే" అన్నాడు. కోపంగా అనలేదు. మేస్త్రీ గోడ కొలత చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను దాన్ని అట్లాగే రాసుకున్నాను.

ఆ తర్వాత నాకు తెలిసిన దానికీ తెలియని దానికీ మధ్య దూరం కనపడింది. సొరంగం కోసం ఎలగందుల రాళ్లు తడిమినవాళ్లం, గోండు రాజులకు చాందాలో రాజ్యం ఉండేదని, మన ఉట్నూరులో కోట ఉందని తెలుసుకోలేదు. పర్ధాన్లు కింగ్రీ వాయిస్తూ వంశాల కథలు రాత్రంతా పాడతారని, కేస్లాపూర్ నాగోబా జాతర వెనక ఒక పెద్ద కథ ఉందని తెలుసుకోలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణం ఇచ్చిన కొండలు మన బడి నుంచి ఒక పూట ప్రయాణం. సాహస కథల కోసం మేము మంత్రాల దీవి దాకా పోయాం.

అయితే ఈ పుస్తకాలను ఏం చేయాలి? తీసేద్దామా, మాటలు మారుద్దామా? నా ఉద్దేశం రెండూ వద్దు. మారిస్తే మనం ఎట్లా చదివామో మరిచిపోతాం. వీటిని పిల్లలకు ఇవ్వాలి. ఇచ్చి పక్కన కూర్చోవాలి. "ఇందులో నువ్వెవరు? నీ పక్కనున్నవాడికి ఏ వేషం ఇచ్చినవు? వాణ్ని అడిగినవా?" అని అడగాలి. మన సారు శనివారం పీరియడు మళ్లీ మొదలుపెట్టాలి. ఈ సీరియళ్ల పుస్తకాల సెట్టు, గోండు, కోలాం, నాయక్‌పోడ్ కథల పుస్తకాలు దొరికినన్ని, మన బడి లైబ్రరీకి మా బ్యాచ్ తరఫున ఇస్తున్నాం. బీరువా కూడా ఇస్తున్నాం. తాళం మాత్రం ఇవ్వడం లేదు, తాళం వేస్తే ఎవరూ చదవరు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఈ సావనీరు కోసం బ్యాచుల వారీగా పూర్వ విద్యార్థుల జాబితా తయారు చేశారు. చాలా శ్రమపడ్డారు, చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయితే ఆ జాబితా పదో తరగతి పరీక్ష రాసినవాళ్ల రిజిస్టరు నుంచి తీసింది. మధ్యలో బడి మానినవాళ్ల పేర్లు అందులో లేవు. మా బ్యాచులో నేను లెక్కపెడితే తొమ్మిది మంది. ఒకడు ఎడ్ల కోసం, ఒకడు బీడీల ఖార్ఖానా కోసం, ముగ్గురు ఆడపిల్లలు పెళ్లిళ్ల కోసం, ఇంకా కొందరు నాకు తెలియని కారణాల కోసం. వాళ్లూ ఈ బెంచీల మీదే కూర్చున్నారు, ఈ గంటే విన్నారు. అడ్మిషన్ రిజిస్టరు ఆఫీసులో ఉంది. దాని నుంచి పేర్లు తీసే పని నేను చేస్తాను, ఎన్ని ఆదివారాలు పట్టినా సరే. వాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల పేర్లు వచ్చే ఏడాది అనుబంధంగా వేయండి. యాభై ఏళ్లు కథలు చెప్పినాయన పేరు కథ కింద లేకపోవడం ఎంత లోటో ఇప్పుడు మనకు తెలుసు. మన జాబితాలో ఆ లోటు ఉండనీయొద్దు.

మొదటి పేరు ఎవరిదో మా బ్యాచ్ వాళ్లకు తెలుసు. వచ్చే దండారీకి మమ్మల్ని తన గూడేనికి రమ్మన్నాడు. వేషాలు ఈసారి తనే పంచుతాడట. నాకు ఏ వేషం ఇచ్చినా వేసుకుంటానని మాట ఇచ్చాను.